బ్రాకెట్ల బావగారు

బావగారిలో వంక పెట్టడానికి ఏమీ లేదు, ఒక్కటి తప్ప. ఒకరి మాట ఇంకొకరికి చేరవెయ్యమంటే ఆ మాటతో పాటు దగ్గు, తుమ్ము, ఆవలింత, పక్కింటి కుక్క అరుపు అన్నీ మూటగట్టి చేరవేస్తారు. పెంచరు, తగ్గించరు. తీపి కలపరు, కారం తీసెయ్యరు. ఆయన చెవిలో పడ్డది ఆవగింజంత కూడా నేలపాలు కాదు.

ఈ సంగతి అందరికన్నా బాగా తెలిసినవాడు ఆయన బావమరిది. ఇంట్లో చూస్తే బావగారి భార్యకి తమ్ముడు. ఆఫీసులో చూస్తే బావగారికే సూపర్‌వైజరు. రోలుకి ఒకవైపే పోటు, మద్దెలకి రెండువైపులా దెబ్బలు అంటారే, ఆ మద్దెలకి మీసాలొచ్చి ప్యాంటూ చొక్కా తొడుక్కుంటే అచ్చం ఇతనిలాగే ఉంటుంది.

ఆఫీసులో ఉన్నంతసేపూ బావగారు బావమరిదిని "సార్ గారూ" అంటారు. గేటు దాటి కాలు బయట పెట్టగానే "ఒరేయ్, గొడుగు తెచ్చావా?" అంటారు. ఒక కాలు అటూ ఒక కాలు ఇటూ ఉన్నప్పుడు ఏమంటారో వినాలని గేటు దగ్గర కాపలావాడు ఎప్పట్నుంచో కాచుకుని ఉన్నాడు.

ఒకసారి అక్కకి వాళ్ల పిన్ని ఇంటికి వెళ్లడం ఇష్టం లేకపోయింది. "ఒంట్లో బాగాలేదని చెప్పి రండి" అని మొగుణ్ణి పంపింది. బావగారు వెళ్లారు, కూర్చున్నారు, మంచినీళ్లు తాగారు, గొంతు సవరించుకున్నారు.

"మా ఆవిడ ఇలా చెప్పి పంపింది. ‘పిన్ని మొదలెట్టిందంటే తెల్లారేదాకా ఆపదు. అదంతా వినే ఓపిక నాకు లేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి రండి.’ ‘ఓపిక’ దగ్గర ఒకసారి ఆవలించింది. వెనకాల మిక్సీ తిరుగుతోంది."

పిన్ని కాసేపు ఫ్యాను వంక చూసింది. "ఇంకేమైనా అందా, నాయనా?"

"అనలేదండీ. మీ వైపు నుంచి ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, పట్టుకెళ్తాను."

పిన్ని చెప్పింది. ఆయన పట్టుకెళ్లారు. ఆ తర్వాత పిన్నీ అక్కా మాట్లాడుకోవడానికి ఏడాది పట్టింది.

"మీకు మనిషి పుట్టుక పుట్టడం ఎలా కుదిరిందండీ? టేపురికార్డరుగా పుట్టాల్సింది" అంది అక్క.

"నన్నంటావేం? మాట నీది. నేను మధ్యవాణ్ణి" అన్నారు బావగారు.

ఇలాంటి మనిషికి ఏ ఉద్యోగం దొరుకుతుంది? దొరికింది. టెలిఫోను కంపెనీలో ఒక చిన్న విభాగం ఉంది. చెవులు వినపడనివాళ్లు ఎవరితోనైనా ఫోన్లో మాట్లాడాలంటే ముందు ఇక్కడికి చేస్తారు. వాళ్లు తమ దగ్గర టైపు చేసింది ఇక్కడి తెర మీద పడుతుంది. ఆపరేటరు దాన్ని అవతలి మనిషికి చదివి వినిపిస్తారు. అవతలి మనిషి నోటితో చెప్పింది టైపు చేసి ఇవతలికి పంపుతారు. ఒకరికి చెవి, ఇంకొకరికి నోరు అన్నమాట. ఇంట్లో తిట్లు తెచ్చిపెట్టిన గుణానికి ఇక్కడ నెలనెలా జీతం ఇవ్వడం మొదలుపెట్టారు. చేపని తెచ్చి చెరువులో వదిలి, ఈదినందుకు డబ్బులిచ్చినట్టయింది.

మాటలు కాని చప్పుళ్లని బ్రాకెట్లలో పెట్టాలని అక్కడి పద్ధతి. మిగతా ఆపరేటర్లు "(చప్పుడు)" అని కొట్టి ఊరుకుంటారు. బావగారు ఊరుకోరు.

"(కాకి. దగ్గర్లోనే. ఇంకో కాకి జవాబిచ్చింది.)"

"(ఎవరో ఈల వేస్తున్నారు. పాట సగంలో దారి తప్పింది.)"

"(తుమ్ము. రెండోది రాబోయి మానుకుంది.)"

అందుకే ఆఫీసంతా ఆయన్ని బ్రాకెట్ల బావగారు అంటుంది. సూపర్‌వైజరుకి బావ కాబట్టి అందరికీ బావే.

గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడు. పూర్తిగా చెవుడు. ఒకరోజు తన అక్కకి ఫోన్ చేయించుకున్నాడు. ఆవిడ "ఉండరా, కళ్లద్దాలు పెట్టుకుని మాట్లాడతా" అని ఫోను బల్ల మీద పెట్టి లేచింది. వేరే ఆపరేటరైతే "ఆగమన్నారు" అని కొట్టి టీ తాగి వచ్చేవాడు. బావగారి తెర మీద మాత్రం వరసగా పడుతోంది. "(కుర్చీ జరిగింది. సొరుగు తెరిచారు. మూశారు. ‘ఇక్కడే పెట్టి చచ్చాను’ అంటున్నారు. ఇంకో సొరుగు. ఏదో కిందపడి దొర్లింది. పిల్లి.)"

గడియారాల పెద్దాయన అటునుంచి టైపు చేశాడు: "ఫ్రిజ్ మీద చూడవే అక్కా. ఎప్పుడూ అక్కడే పెడతావు." బల్ల మీద పడి ఉన్న ఫోన్లోకి వినపడేలా బావగారు లేచి నిలబడి అరిచారు. "ఫ్రిజ్ మీద చూడవే అక్కా." ఆఫీసంతా ఉలిక్కిపడింది. కాసేపటికి కళ్లద్దాలు దొరికాయి. పెద్దాయన ఆనందానికి అంతు లేదు. తన గదిలో కూర్చుని, అక్కయ్య ఇంట్లో ఆవిడ వెతుక్కుంటుంటే విని, దారి చెప్పాడాయన. అది చిన్న సంగతా?

చదవడంలోనూ అంతే. ఒక వెల్డరు కుర్రాడు తను చేసుకోబోయే అమ్మాయికి ఫోన్ చేయించుకునేవాడు. అతను టైపు చేసింది చేసినట్టు, తలుపు గడియ వేసినంత గట్టి గొంతుతో, మీసాల బావగారు ఆ అమ్మాయికి వినిపించాలి. "నా బుజ్జి పిచ్చుకా, నీ నవ్వు తల్చుకుంటే చేతిలో పని సాగట్లేదు." మిగతా ఆపరేటర్లందరూ చేతులు ఆపేసేవారు. కుర్రాడు చివర్లో వరసగా ముద్దులు పెట్టేవాడు. బావగారు ఒక్కటి కూడా ఎగ్గొట్టలేదు.

ఇది ఆ నోటా ఈ నోటా పడి అక్క చెవిని చేరింది.

"ఆఫీసులో ఎవత్తినో పిచ్చుకా అంటున్నారట?"

"నేననలేదు."

"మరి ఎవరన్నారు?"

"చెప్పకూడదు. ఉద్యోగ రహస్యం."

"ఎవరితో అన్నారు?"

"అది అంతకన్నా చెప్పకూడదు."

నిజంగానే చెప్పకూడదు. ఒకరి మాట చేరాల్సినవాళ్లకి తప్ప మూడోమనిషికి చెప్పడం ఆయన ఎరగరు. దాంతో ఆ వారం బావగారు హాల్లో పడుకున్నారు, బావమరిది రెండిళ్ల మధ్యా తిరిగి చెప్పులు అరగదీసుకున్నాడు.

ఇలా నడుస్తుండగా హెడ్డాఫీసు నుంచి కొత్తగా ఒక పెద్దాఫీసరు వచ్చారు. మనిషి మంచివారే గానీ మాటల పొదుపరి. "నమస్కారం" అంటే చివరి అక్షరాలు మిగుల్చుకునే రకం. వచ్చీ రాగానే కాల్స్ ఎంతెంతసేపు సాగుతున్నాయో చూశారు. బావమరిదిని పిలిచారు.

"మీ బావగారు చేసే కాల్సు రైలుబండిలా ఉన్నాయి. ఎప్పటికీ గార్డు పెట్టె రాదు."

"ఆయన ఉన్నదున్నట్టు..."

"ఉన్నదంతా ఎవడికయ్యా కావాలి? ఈయన కాకుల కచేరీ టైపు చేస్తుంటే ఇంకో చెవిటాయన లైన్లో కాచుకుని కూర్చోవాలా? సారాంశం చెప్పమనండి. వల్లకాదంటే గోడౌన్లో సీటు ఖాళీగా ఉంది. పాత ఫోన్ల దుమ్ము దులుపుకుంటూ కూర్చోమనండి."

లైన్లో కాచుకునేవాళ్ల మాట నిజమే. అందుకే బావమరిదికి ఎదురు చెప్పడానికి నోరు రాలేదు. సాయంత్రం గేటు దాటాక బతిమాలుకున్నాడు.

"బావా, మీకు దణ్ణం పెడతాను. రేపట్నుంచి కాస్త కుదించండి. పది మాటలంటే రెండు పంపండి."

"ఏ రెండు?"

"ముఖ్యమైనవి."

"ఎవరికి ముఖ్యమైనవి?"

"అబ్బా, మీకు తోచినవి పంపండి బావా."

"నాకు తోచినవి పంపడానికి ఆ ఫోన్ నాకొచ్చిందట్రా?" అని బావగారు గొడుగు విప్పారు.

అక్క దగ్గరికి వెళ్లి మొరపెట్టుకుంటే అక్కడా చుక్కెదురే. "ఒరేయ్ తమ్ముడూ, ఆయన్ని గోడౌన్లో వేశావో, నా గడప తొక్కకు. పొద్దస్తమానం అక్కడ మాటలు దించుకునొస్తున్నారు కాబట్టి ఇంటిదగ్గర నేను బతికిపోతున్నాను. గోడౌన్లో మాట్లాడేవాళ్లు లేకపోతే అక్కడ బల్లి అరిచిందీ, ఎలక పరిగెత్తిందీ తెచ్చి నాకు వినిపిస్తారు. అది నా వల్లకాదు." గొంతు తగ్గించి అంది. "ఆ కుర్చీలో కూర్చున్న దగ్గర్నుంచీ మీ బావ హాయిగా ఉన్నార్రా. పాడుచెయ్యకు."

పెద్దాఫీసరు న్యాయం తప్పే మనిషి కాదు. ఈ ఫోను సదుపాయం వాడుకునే మనిషితో స్వయంగా మాట్లాడి తేలుస్తానన్నారు. మాట్లాడటానికి ఒక దర్జీ ఒప్పుకుంది. పుట్టు చెవుడు, మాట కూడా రాదు. సొంత షాపు, చేతికింద నలుగురు పనివాళ్లు. ఆవిడ తన షాపులోంచి టైపు చేస్తుంది, బావగారు తన సీట్లోంచి చదువుతారు, ఆఫీసరు బావమరిది గాజు గదిలోంచి ఫోన్లో వింటారు. ఆ గదిలో బల్ల మీద ఉన్న తెరలో బావగారు టైపు చేసేది కూడా కనిపిస్తుంది. ఈ ఒక్క కాల్‌తో బావగారు కుర్చీలోనా గోడౌన్లోనా తేలిపోతుంది. బావమరిది రుమాలు అప్పటికే తడిసిపోయింది.

ఆఫీసరు స్పీకరు నొక్కి మొదలుపెట్టారు. "అమ్మా, మీ ఆపరేటరు ప్రతి దగ్గూ తుమ్మూ టైపు చేస్తున్నారు. కాలం వృథా. మీకు సారాంశం చాలు కదా?"

బావగారు టైపు చేసి పంపారు. జవాబు రావడానికి కొంతసేపు పడుతుంది కదా, ఈలోపు ఆఫీసరు బావమరిది వైపు తిరిగారు. మామూలుగా ఫోన్లో మాట్లాడుతూ పక్కవాడితో ఏదైనా అనాలంటే ఎవరైనా రిసీవరు చేత్తో మూస్తారు. అవతల ఉన్నావిడకి చెవుడే కదా, మూయడం దేనికని ఆయన మూయలేదు.

"వీళ్లకి ఫోనే ఎక్కువయ్యా. నిన్నమొన్నటిదాకా ఏ ఫోనూ లేకుండా బతకలేదా? ఇప్పుడు కాకి అరుపులు కూడా కావాలట."

గాజు అవతల బావగారి వేళ్లు కదిలాయి. బావమరిది చేతులెత్తి వద్దు వద్దని ఊపాడు. బావగారు తెర మీంచి తల ఎత్తితేగా.

"ఆవిడింకా ఏమీ అనలేదుగా, ఏం టైపు చేస్తున్నాడు?" అన్నారు ఆఫీసరు.

"మీరన్నదే సార్."

ఆఫీసరు తెర వైపు చూశారు. "(పక్కవారితో:) వీళ్లకి ఫోనే ఎక్కువయ్యా" అన్న అక్షరాలు తీరిగ్గా ఒకటి వెనక ఒకటి నడిచి వస్తున్నాయి.

"ఇదిగో, అది టైపు చెయ్యకు."

తెర మీద పడింది: "ఇదిగో, అది టైపు చెయ్యకు."

"ఓరి దేవుడా."

"ఓరి దేవుడా."

"సార్, మీరు మాట్లాడకండి, మీ కాళ్లు పట్టుకుంటాను" అన్నాడు బావమరిది. అది కూడా పడింది, "(ఇంకో మగ గొంతు, వణుకుతూ)" అనే గుర్తింపుతో సహా. ఆఫీసరు రెండు చేతులతో నోరు మూసుకున్నారు. "(ముక్కులోంచి గాలి. చాలా పొడుగ్గా.)"

ఆ తర్వాత స్పీకర్లోంచి బావగారి గొంతు వచ్చింది. గొంతు బావగారిది, మాట దర్జీది.

"సారూ, ఒక్క క్షణం, కత్తెర పక్కన పెట్టి వస్తాను." కాస్త ఆగి మళ్లీ వచ్చింది. "మీరన్నదంతా చదివాను. మా ఇంట్లో అందరూ పగలబడి నవ్వుతుంటారు. ఏమిటని అడుగుతాను. ‘ఏం లేదులే’ అంటారు. కొట్టుకుంటుంటారు. ఏమిటని అడుగుతాను. ‘తర్వాత చెప్తాలే’ అంటారు. ఆ ‘తర్వాత’ అనేది ఇంతవరకూ రాలేదు. సారాంశమంటే అదే కదా సారూ. చిన్నప్పట్నుంచీ దాన్ని తినే పెరిగాను. నా గురించి ఒక మనిషి పక్కకి తిరిగి అన్న మాట నాదాకా రావడం ఇదే మొదలు. ఇక దానికి జవాబు చెప్పనా?"

ఆఫీసరు నోటి మీంచి చేతులు తీశారు. "చెప్పండమ్మా" అన్నారు చిన్నగా.

"మీ గొంతు ఎలాంటిదో నాకు తెలీదు గానీ, మీ మాట కురచగా కత్తిరించిన చొక్కాలా ఉంది. బొడ్డు కనిపిస్తోంది." ఆవిడ ఎంత కోపంగా కొట్టిందో బావగారు అంత కోపంగా చదివారు. మీసాలు కూడా లేచాయి. "కొలత తియ్యకుండా కత్తెర పట్టేవాణ్ణి మా షాపులో గుమ్మం బయట నిలబెడతాం."

ఆపరేటర్లు బల్లల కింద ఏదో పడిపోయినట్టు ఒంగి నవ్వుకుంటున్నారు. బావమరిది కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి ఆఫీసరు కుర్చీ అంచు మీదికి జరిగి, చేతులు మడిచి, ఫోన్లోకి ఒంగి ఉన్నారు. ఆయనతో ఎవరైనా నిఖార్సుగా పోట్లాడి ఎన్నాళ్లయిందో.

"గుడ్డ చాలకపోతే దర్జీ మాత్రం ఏం చేస్తాడమ్మా? నా దగ్గరున్న కుర్చీలు ఇన్నే. మీరు మాట్లాడుతున్నంతసేపూ మీలాంటివాళ్లే ఇంకొకరు లైన్లో కాచుకుంటున్నారు. వాళ్లకేం చెప్పమంటారు?"

"గుడ్డ చాలకపోతే ఇంకో మూర కొంటాం సారూ. చొక్కాకి చేతులు కోసెయ్యం."

ఆఫీసరు నోరు తెరిచి, ఏమీ దొరక్క మూశారు. "(నోరు తెరిచి మూసిన చప్పుడు)" అని తెర మీద పడింది.

"ఇంకొకటి" అంది దర్జీ బావగారి గొంతుతో. "మొన్న మా అమ్మతో మాట్లాడుతుంటే ఈయన బ్రాకెట్లో రాశారు. ‘మీ అమ్మగారు గిన్నెలు తోముతూ కూనిరాగం తీస్తున్నారు. నేను మీ జవాబు చదువుతుంటే ఆపుతున్నారు, మళ్లీ అందుకుంటున్నారు’ అని. మా అమ్మ పాడుతుందని నాకు అప్పుడే తెలిసింది. ఇంట్లో అందరికీ తెలుసట. నాకు చెప్పాల్సిన సంగతని ఎవరికీ తోచలేదు. ఈయన చాలా మంచివారు."

బావగారు ఇదంతా వేరేవాళ్ల సంగతిలా చదివారు. చివరి మాట మాత్రం నమిలేశారు.

"ఆ చివరిది వినపడలేదు" అన్నారు ఆఫీసరు.

బావగారు మళ్లీ చదివారు, నెమ్మదిగా.

"ఇంకా వినపడలేదయ్యా."

"ఈయన చాలా మంచివారు" అని బావగారు గోడ వైపు తిరిగి అరిచారు. చెవులు ఎర్రబడ్డాయి. బావమరిది ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు. పిన్ని ఇంటి నుంచి తిట్లు మోసుకొచ్చినప్పుడు కూడా నిబ్బరంగా ఉన్న మనిషి.

"అయితే ఈయన్ని ఉంచుతారా, తీసేస్తారా?" అని అడిగింది దర్జీ.

ఆఫీసరు సర్దుకుని కూర్చున్నారు. హెడ్డాఫీసు గొంతు తెచ్చుకున్నారు. "పరిశీలిస్తాం."

తెర మీద పడింది: "పరిశీలిస్తాం. (బల్ల మీద వేళ్లతో తాళం. గొంతులోంచి నవ్వులాంటిది ఒకటి సగందాకా వచ్చి ఆగింది.)"

"నేను నవ్వలేదు" అన్నారు ఆఫీసరు.

"నేను నవ్వలేదు. (ఈసారి ఆగలేదు. బయటికి వచ్చేసింది.)"

"అర్థమైంది సారూ. ఉంటాను" అంది దర్జీ.

ఆఫీసరు గాజు గదిలోంచి బయటికొచ్చి బావగారి ముందు నిలబడ్డారు. "ఏమయ్యా, నేను వద్దన్నా ఎందుకు పంపావు?"

"మీరు పక్కవారితో గొణిగితే చెవులున్నవాళ్లకి వినపడేది కదండీ. ఆవిడకి మాత్రం తగ్గించడం ఎందుకు? పనికొచ్చేదేదో పనికిరానిదేదో ఆవిడే ఏరుకుంటుంది. నేను నమిలి పెడితే అది ఎంగిలి అవుతుంది" అన్నారు బావగారు. తన సొంత మాట చెప్పడం అలవాటు లేని మనిషి, అంత చెప్పేసరికి ఆయాసపడి మంచినీళ్లు తాగారు.

ఆఫీసరు కాసేపు మీసం దువ్వుకున్నారు. "ఇంకో కుర్చీ వేయించండి" అని బావమరిదితో అన్నారు.

"మనిషి కావాలి కదా సార్. కొత్తవాళ్లని తీసుకోవాలంటే..."

"ఆ గాజు గదిలో రోజంతా మీరు చేసేదేమిటో సారాంశం చెప్పండి చూద్దాం."

బావమరిది ఆలోచించాడు. ఎంత ఆలోచించినా ఒక వాక్యం కూడా నిండలేదు. మర్నాటి నుంచి బావగారి పక్కన రెండో కుర్చీలో కూర్చున్నాడు.

మొదటి కాల్ ఒక తాతగారిది. వినికిడి లేదు. కూతురికి చేశారు. కూతురు మాట్లాడుతుంటే వెనకాల పసిపాప ఏడుస్తోంది. బావమరిది హుషారుగా కొట్టాడు: "(పసిపాప ఏడుపు. ఆకలి కాదు, గారాబం.)"

పక్క కుర్చీలోంచి బావగారు ఓరగా చూశారు. "సార్ గారూ, గారాబమని మీకెవరు చెప్పారు?"

"వింటుంటే తెలుస్తోంది బావా."

"విన్నది రాయండి. తెలిసింది తాతగారికి వదిలెయ్యండి."

బావమరిది అది పంపకముందే చెరిపేసి, చెవి రిక్కించి, మళ్లీ కొట్టాడు. "(పసిపాప ఏడుపు. ఆగింది. ఎవరూ పలకలేదు. మళ్లీ మొదలైంది, ఇందాకటికన్నా గట్టిగా.)"

తెర మీద తాతగారి జవాబు వచ్చింది. బావమరిది గొంతు సవరించుకుని, అక్షరం పోకుండా కూతురికి చదివి వినిపించాడు.

"అది గారాబమే. ఎత్తుకోకు, కాసేపు ఏడవనీ. నేను వింటాను."